ఐసుగదిలో సూదిమందు

కంచాల ముందు నుంచి ఎవరూ లేవలేదు. అలాగని ఎవరూ తిన్నదీ లేదు. మార్చురీ నుంచి ఫోను వచ్చిందని పెద్దకోడలు చెప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో ముద్ద గొంతు దిగడం మానేసింది.

“ఎన్ని ఐసుదిమ్మలు కావాలన్నారు?” అని మామగారు అడిగారు.

“ఎన్నని చెప్పలేదు మామయ్యా. ఉన్నవన్నీ పంపమన్నారు. పై వారం నుంచి రోజూ కావాలట.”

మామగారు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

ఇల్లూ, ఐసు ఫ్యాక్టరీ ఒకే గోడని పంచుకున్న సంసారం అది. గోడకి అవతల కంప్రెసర్ ఆడుతుంటే ఇవతల గ్లాసుల్లో నీళ్ళు వణుకుతాయి. మామూలు రోజుల్లో ఆ ఐసు చేపల మార్కెట్టుకీ, జ్యూసు కొట్లకీ, పెళ్ళివాళ్ళకీ పోతుంది. ఊళ్ళో జబ్బు ముదిరినప్పుడు మాత్రం పెద్దాసుపత్రి వెనక గుమ్మానికి పోతుంది. పేపర్లలో పడకముందే, టీవీలు గొంతు చించుకోకముందే ఆ ఇంటివాళ్ళకి సంగతి తెలిసిపోయేది అందుకే. ఏడాదికి పైగా ఊసులేని ఆ నంబరు నుంచి ఈ పొద్దున మళ్ళీ ఫోను మోగింది.

వ్యాన్ డ్రైవరు ఆ మాట చెవినపడగానే తాళంచెవి బల్ల మీద పెట్టేశాడు. మా ఆవిడకి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళిపోయాడు. అతనికి పెళ్ళి కాలేదన్న సంగతి ఆవరణలో అందరికీ తెలుసు.

“బండి నేనే తోలుకెళ్తా,” అన్నారు మామగారు.

అక్కడ రాజుకుంది.

“మీరా?” అంది అత్తగారు. “మెట్లెక్కితే ఆయాసం. ఫ్యాక్టరీలో అమ్మోనియా పీల్చి ఊపిరితిత్తులు సగం పాడయ్యాయని డాక్టరు మొత్తుకుంటున్నాడు. పోయినసారి జబ్బుకి మిమ్మల్ని ఆక్సిజన్ మీద పెట్టినప్పుడు నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.”

“మరెవరు వెళ్తారు? నీ పెద్దకొడుకు వెళ్తాడా?”

పెద్దకొడుకు తల ఎత్తలేదు. కంప్రెసర్ దగ్గర మనిషి ఎంత గట్టిగా అరుస్తాడో, తండ్రి దగ్గర అంత మెత్తగా ఉంటాడు. ఆ మెత్తదనం చూస్తే పెద్దకోడలికి ఒళ్ళు మండుతుంది. మొగుడైపోయాడు కాబట్టి ఊరుకుంటుంది.

“మామయ్యా, వెళ్తానంటే వెళ్ళండి,” అంది ఆమె. “కానీ ముందు బూస్టర్ వేయించుకుని వెళ్ళండి. మనం రెండో సూది వేయించుకుని ఎన్నాళ్ళయిందో గుర్తుందా? దాని బలం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది.”

“ఎక్కడ వేయించుకోను? ఊరికే వేసేచోట, నీకింకా అరవై నిండలేదు పొమ్మన్నారు.”

“ప్రైవేట్ ఆస్పత్రిలో డబ్బు కడితే ఈ సాయంత్రమే వేస్తారు. నేను అడిగి ఉంచాను.”

“డబ్బు కట్టి సూది పొడిపించుకోవాలా?” అన్నాడు చిన్నోడు. చిన్నోడంటే ఆ ఇంటి రెండో కొడుకు. పొద్దుటికొక వ్యాపారం, సాయంత్రానికొక స్నేహితుడు అతనికి. “రెండు వేయించుకున్నాం కదా వదినా. ఇదేమన్నా సెల్‌ఫోనా, ఏడాదికోసారి కొత్తది కొనడానికి?”

“నువ్వు మార్చురీకి వెళ్తావా? వెళ్ళవుగా. అయితే నోరు మూసుకో.”

“డబ్బుదేముందే, మనిషి ఉండాలి గానీ,” అంది అత్తగారు. “కట్టేయండి. ఏమంటారు?”

మామగారు కిటికీలోంచి ఆవరణలోకి చూస్తూ కూచున్నారు. అక్కడ హమాలీలు గోనెపట్టాల మీద చేరి అన్నాలు తింటున్నారు. వాళ్ళకి మేస్త్రీలాంటివాణ్ణి అందరూ వాగుడుకాయ అంటారు. నిద్రలో కూడా ఎవరో ఒకరిని ఏడిపిస్తాడని ప్రతీతి. ఏదో అన్నాడు, తక్కినవాళ్ళు పొలమారేట్టు నవ్వుతున్నారు.

“నేను వేయించుకోను,” అన్నారు మామగారు చివరికి.

“ఎందుకు మామయ్యా?”

“వాళ్ళని చూడు అమ్మాయ్. బండి నేను తోలుతా, నిజమే. దిమ్మలు లోపలికి మోసేది ఎవరు? ఆ గదిలో ఎవరు తిరుగుతారు? వాళ్ళ కష్టం తిని పెరిగిన ఇల్లు ఇది. నేనొక్కణ్ణీ డబ్బిచ్చి సూది వేయించుకుని, వాళ్ళని పట్టుకుని ‘పదండ్రా లోపలికి’ అని ఎలా అనను? ఏ మొహం పెట్టుకుని అనను?”



పెద్దకోడలికి అంతసేపూ ఉన్న కోపం ఒక్కసారిగా నీరుకారిపోయింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ మనిషంటే ఆమెకి భయం. తర్వాత గౌరవం. ఆ మాటతో ఇష్టం కలిగింది. తండ్రి అంటే ఇలా ఉండాలి అనుకుంది. ఆ తర్వాత జరిగిన వాటన్నిటికంటే, ఆ ఒక్క క్షణం తాను కరిగిపోయినందుకే తర్వాత రోజుల్లో ఆమె తనను తాను ఎక్కువ తిట్టుకుంది.

“అందరికీ వేయించాలంటే ఆస్పత్రి లెక్క మన వల్ల కాదు,” అన్నాడు పెద్దకొడుకు మెల్లగా.

“ఆస్పత్రి ఎందుకు?” అన్నాడు చిన్నోడు. ఇప్పుడు కళ్ళు మెరుస్తున్నాయి. “నాకు తెలిసినవాడున్నాడు. మందుల గోడౌన్‌లో పని. ఒక బుడ్డిలో చాలామందికి సరిపడా మందుంటుందట. బుడ్డి తెచ్చుకుని, కాంపౌండరుని ఇంటికి పిలిపించి వేయించుకుంటే సరి. సగం ఖర్చుతో అందరికీ అయిపోతుంది.”

“దొడ్డిదారినా?” అంది పెద్దకోడలు.

“మందు మంచిదే వదినా! దారి ఏదైతే ఏంటి?”

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన ఇంకా కిటికీలోంచే చూస్తున్నారు.

“తీసుకురా,” అన్నారు.

* * *

తెచ్చాడు. మర్నాడు పొద్దుగూకేవేళకి అట్టపెట్టె పట్టుకుని, కొత్తపెళ్ళికొడుకులా గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దకోడలు అప్పుడు ఇంట్లో లేదు, పుట్టింట్లో తల్లికి జ్వరమని ఫోనొస్తే చూసిరావడానికి వెళ్ళింది. ఆ మర్నాడు ఆమె తిరిగి వచ్చేసరికి ఆవరణ అంతా జాతరలా ఉంది.

కాంపౌండరు వరండాలో బల్ల వేసుకుని కూచున్నాడు. అందరికంటే ముందు మామగారే చొక్కా చెయ్యి పైకి మడిచారు. రెండోవాడు పెద్దకొడుకు. ఆ తర్వాత హమాలీలు వరసకట్టారు. దిమ్మల్ని కొక్కేలతో లాగి లాగి రాళ్ళయిన దండల్లోకి సూది దిగక కాంపౌండరు అవస్థపడుతుంటే, వాగుడుకాయ “కొంచెం గునపం తెమ్మంటావా బాబూ?” అని అడిగాడు. అందరూ ఒకటే నవ్వులు.

మందు వాళ్ళకే సరిపోయింది. “ఆడవాళ్ళకి ఇంకో బుడ్డి తెస్తాలే,” అన్నాడు చిన్నోడు.

“వారం దాకా ఎక్కడికీ వెళ్ళకండి, ఒంటికి పట్టాలి,” అని చెప్పి కాంపౌండరు సంచీ సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మామగారి వైపు ఒకసారి చూశాడు. ఆయన బుడ్డిని జేబులో వేసుకుని అప్పటికే ఐసుగది వైపు నడుస్తున్నారు.

చెయ్యి నొప్పెట్టిందని ఒకడు, ఏమీ కాలేదని ఇంకొకడు. వాగుడుకాయ మాత్రం మాస్కు తీసి జేబులో కుక్కుకున్నాడు. “ఇక జబ్బే మనల్ని చూసి మాస్కు పెట్టుకోవాలిరా,” అన్నాడు. అతని వెనకే ఒక్కొక్కరుగా అందరూ తీసేశారు. మార్చురీ పేరు చెబితే గుమ్మం దాటబోమన్నవాళ్ళు, పై వారం ఎప్పుడొస్తుందా అన్నంత ధైర్యంగా తిరిగారు.

పెద్దకొడుకు కూడా మారాడు. “నాన్నకి ఆయాసం. బండి నేను తోల్తా,” అన్నాడు ఒకరోజు, భార్య జడ దువ్వుకుంటుంటే.

“మీరా?”

“సూది పడిందిగా. ఇంకేం భయం?”

ఆ గొంతులో అలాంటి ధీమా ఆమె ఎన్నడూ వినలేదు. సంతోషించాలో భయపడాలో తెలియక దువ్వెన కింద పెట్టేసింది.

* * *

మార్చురీకి మొదటి బండి వెళ్ళే రోజు రానే వచ్చింది. ఆవరణలో వ్యాన్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. దిమ్మలు సిమెంటు నేల మీద జారుతున్న చప్పుడు, కొక్కేల చప్పుడు, మధ్యలో వాగుడుకాయ వేళాకోళాలు. ఆస్పత్రి నుంచి పొద్దుటి నుంచీ ఫోన్లు ఆగలేదు. ఇంకా బయల్దేరలేదా, ఇంకా బయల్దేరలేదా అని ఒకటే మాట.

చిన్నోడు అప్పుడే రెండో అట్టపెట్టెతో వచ్చాడు. ఆడవాళ్ళ వంతు. అత్తగారు దాన్ని అందుకుని, చెంగులో చుట్టుకుని, పెరటి వైపు నడిచింది.

“అత్తయ్యా, ఫ్రిజ్ ఇటు కదా?”

“ఫ్రిజ్ ఎందుకే? కరెంటు పోతే ఏం కాను? ఐసుగదిలో దిమ్మల మధ్య దూర్చి వస్తా. పోయినసారి కూడా అక్కడే పెట్టాను.”

పెద్దకోడలు నిలబడిపోయింది.

“ఐసుగదిలోనా? రాత్రంతా?”

“అంతా. పొద్దున మీ మామయ్యే తీశారు. చేపలు చెడవు, పాలు చెడవు, మందు చెడుతుందా? చల్లగా ఉన్నదేదీ చెడదే పిచ్చిదానా. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి చూస్తున్నాను.”

ఆవిడ మొహంలో ఎంత నమ్మకమో. ఐసు అమ్మి బతికిన ఇంట్లో ఐసు చెడుపు చేస్తుందని ఎవరికి తోస్తుంది? పెద్దకోడలికి మాత్రం ఏం తెలుసు కనక? ఊరికే అనుమానం. అత్తగారి చేతిలోంచి పెట్టె తీసుకుని, నాలుగు వైపులా తిప్పి చదివింది. ఒక పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. గడ్డ కట్టనివ్వరాదు. గడ్డ కడితే పారవేయవలెను.

“ఏం రాశారే?” అంది అత్తగారు.

“ఏం లేదత్తయ్యా. దీన్ని ఫ్రిజ్‌లోనే పెడదాం. మీరు ఇక్కడే ఉండండి,” అని పెట్టె తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టి, లోపలికి వెళ్ళి కాంపౌండరుకి ఫోను చేసింది.

“గడ్డ కట్టడమేంటమ్మా?” అన్నాడు అతను. “గడ్డ కడితే ఇంకేముంది, నీళ్ళు ఎక్కించినట్టే. ఆ మాట మీ మామగారికి ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పానే! ఆయనే అడిగారు కూడా. ‘ఒకవేళ గడ్డ కట్టి కరిగితే చూడగానే తెలుస్తుందా’ అని. మామూలు కంటికి తెలియకపోవచ్చు అన్నాను.”

“ఎప్పుడడిగారు?”

“ఆ పొద్దునే. నేను బయల్దేరే ముందు.”

ఆమె ఫోను పెట్టేసి ఐసుగది వైపు నడిచింది.

ఐసుగదిలో మామగారు ఒక్కరే ఉన్నారు. రంపపుపొట్టులోంచి దిమ్మల్ని కొక్కెంతో కదిపి చూస్తున్నారు. ఆయన ఊపిరి పొగలా కనిపిస్తోంది. కోడలు తలుపు దగ్గరగా వేసింది. ఆ చప్పుడుకి ఆయన తిరిగి చూశారు.

“మామయ్యా, ఆ మందు గడ్డ కట్టిపోయింది.”

“తెలుసు.”

ఆమె ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. అబద్ధమో, ఆశ్చర్యమో, ఏదో ఒకటి. రాలేదు.

“తెలిసే వేయించారా?”

“పొద్దున వచ్చి చూస్తే రాయిలా ఉంది,” అన్నారాయన. అరిచెయ్యి ఒకసారి తెరిచి చూసుకున్నారు. “గుప్పిట్లో పట్టుకుని కరిగించాను.”

“ఎందుకు మామయ్యా? పారేసి ఇంకోటి తెమ్మంటే సరిపోయేదిగా! ఇదిగో, ఇప్పుడు తెచ్చాడుగా!”

“అప్పటికే వాళ్ళు సూది కోసం వచ్చి ఆవరణలో కూచున్నారు అమ్మాయ్. ఆ రోజు పొమ్మంటే మళ్ళీ వచ్చేవాళ్ళా? వాళ్ళకి కావాల్సింది మందు కాదు, ధైర్యం. అది దొరికింది. చూడు బయట, ఎలా ఎత్తుతున్నారో.”

“మీరు కూడా వేయించుకున్నారే!”

“నేను వేయించుకోకపోతే వాళ్ళు వేయించుకునేవాళ్ళు కాదు.”

“మీ అబ్బాయి కూడా ఉన్నాడు మామయ్యా అందులో.”

“ఉన్నాడు,” అన్నారు మామగారు. “వాడు ఉన్నాడనే వాళ్ళు నమ్మారు.”

గోడ అవతల కంప్రెసర్ ఒక్కసారి ఆగి, మళ్ళీ అందుకుంది. ఆ మధ్యలో వాగుడుకాయ పాటో కూతో ఏదో వినిపించింది.

“వారం ఆగుదాం,” అంది ఆమె. బతిమాలుతున్నట్టే అంది. “కొత్త మందు ఉంది. మళ్ళీ వేయిద్దాం. పొరపాటైందని చెబుదాం. అంతే కదా? మీరేం చెప్పక్కర్లేదు, నేను చెబుతాను.”

“చెప్తే ఏమవుతుందో తెలుసా? ఒక్కసారి నీళ్ళు పొడిచారని తెలిశాక, ఈ ఇంటి మాట మళ్ళీ ఎవడు నమ్ముతాడు? రెండోదానికి ఎవడు చెయ్యి చాపుతాడు? బండి ఆగుతుంది. అక్కడ పోయినవాళ్ళు వారం ఆగుతారా? ఆ పక్క ఫ్యాక్టరీవాడు ఆగుతాడా? వాడు మన గేటు వైపే కాచుకుని ఉన్నాడు.” ఆయన దగ్గరకి వచ్చారు. గొంతు ఎప్పటిలాగే శాంతంగా ఉంది, దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది. “నువ్వు తెలివైనదానివి. ఫోన్లు చూసుకుంటున్నావు, ఇల్లు చూసుకుంటున్నావు. ఇది కూడా నీ కడుపులోనే పెట్టుకో.”

వాళ్ళని లోపలికి పదమని ఏ మొహం పెట్టుకుని అనను, అన్న మనిషేనా ఈయన? ఆ రోజు కిటికీలోంచి చూస్తూ అన్న ఆ మాట కూడా అప్పుడే లెక్క వేసుకుని అన్నదేనా? ఆమెకి అసహ్యం వేసింది. ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగేసింది.

బయట వ్యాన్ స్టార్ట్ అయింది.

ఆమె తలుపు తోసుకుని పరుగెత్తింది. చెప్పులు ఎక్కడ జారిపోయాయో చూసుకోలేదు. పెద్దకొడుకు స్టీరింగ్ ముందు కూచుని ఉన్నాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఎన్నడూ లేనంత హుషారుగా. హమాలీలు వెనక దిమ్మల మీద గోనెపట్టాలు పరుచుకుని ఎక్కేశారు. ఒక్కడి మొహానా మాస్కు లేదు.

“దిగండి,” అంది ఆమె.

“ఏంటి?” అన్నాడు మొగుడు. ఇంజను చప్పుడులో సరిగా వినపడలేదు.

“దిగండి! అందరూ దిగండి. మీకు వేసిన మందు పనికిరానిది. ఐసుగదిలో గడ్డ కట్టి చెడిపోయింది. మీకెవరికీ సూది పడనట్టే. లోపలికి వెళ్ళకండి.”

పెద్దకొడుకు ఇంజను ఆపేశాడు. దాంతో ఆవరణలో కంప్రెసర్ చప్పుడొక్కటే మిగిలింది. వెనక ఎక్కినవాళ్ళలో ఒకడు తన దండ తడుముకున్నాడు. ఇంకొకడు జేబులో చెయ్యి పెట్టి మాస్కు కోసం వెతుక్కున్నాడు, అది ఉతుక్కోవడానికి ఇంట్లో పడేశానని గుర్తొచ్చి చెయ్యి బయటకి తీశాడు.

వాగుడుకాయ చేతిలో కొక్కెంతోనే నెమ్మదిగా కిందకి దిగాడు. అతని మొహంలో నవ్వు లేకపోవడం పెద్దకోడలు మొదటిసారి చూసింది.

“నిన్న రాత్రి మా పాప దగ్గుతుంటే పక్కనే పడుకోబెట్టుకున్నానమ్మా,” అన్నాడు. “నాకేం కాదులే, సూది పడిందిగా అని.”



అతను ఆమెను దాటి వెనక్కి చూశాడు. ఐసుగది గుమ్మంలో మామగారు పంచె అంచుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

“పెద్దయ్యా, ఇది తమరికి తెలుసా?”

ఆయన కోడలి వైపు చూశారు. ఒక్క చూపే. ఆ చూపులో కోపం లేదు, బెదిరింపు లేదు. నువ్వేం చేస్తావో చూద్దాం అన్నట్టుంది.

“నాకేం తెలుసు?” అన్నారు. “ఐసుగదిలో పెట్టింది మీ అమ్మగారు. ఆవిణ్ణే అడగండి.”

అందరి తలలూ వరండా వైపు తిరిగాయి. అత్తగారు రెండో పెట్టెని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొగుణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. కలిసి బతికిన కాలమంతా ఆ మనిషిలో వెతుక్కుంటున్నట్టు చూసింది.

“అమ్మా, నువ్వా?” అన్నాడు పెద్దకొడుకు.

కోడలు నోరు తెరిచింది. ఆమె కంటే ముందే ఆవిడ మాట్లాడేసింది.

“అవునురా. నేనే పెట్టాను.”

వాగుడుకాయ చేతిలో కొక్కెం అలాగే ఉంది. దాన్ని కింద పెట్టకుండానే ఆవిడ వైపు నడవసాగాడు.